మఠం లోపల గడిచిన మేనత్త జీవితాన్ని ఎలా రాయాలి?

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీ మేనత్తగారు 19 ఏళ్ళకు కార్మెల్ అనే కతోలిక సన్యాసినుల సభ మఠంలో చేరారు. బయటికి రాని మఠకన్యగా 60 ఏళ్ళకు పైగా అక్కడే ఉండి, పోయిన నెల కన్నుమూశారు. మొదటి వర్ధంతికి ఆమె గురించి చిన్న పుస్తకం వేద్దామని ఇంట్లో అనుకున్నారు. తీరా కూర్చుంటే ‘చేరింది, ప్రార్థన చేసింది, పోయింది’ అన్న మూడు ముక్కలు తప్ప రాయడానికి ఏమీ కనిపించడం లేదు. ఇంట్లో ఉన్న ఆమె ఉత్తరాలన్నీ ఒకే మూసలో ఉన్నాయి. పైగా మీ నాయనమ్మగారు పోయినప్పుడు ఆమె రాలేదన్న బాధ మీ నాన్నగారి తరంలో ఇంకా ఉంది. దాన్ని రాయాలో వద్దో తేలడం లేదు.

సిస్టర్ల సంస్మరణ పుస్తకాలు తయారుచేయడంలో మఠాలకు, కుటుంబాలకు చాలా ఏళ్ళుగా సాయపడుతున్నాను. రాయడానికి బోలెడంత ఉంది, మీరు వెతుకుతున్న చోట లేదు, అంతే. కుటుంబాలు రాసే పుస్తకాల్లో ఎక్కువ భాగం గేటు దగ్గరే ఆగిపోతాయి. ఇల్లు వదిలిన రోజు, అమ్మ ఏడుపు, మూసుకున్న తలుపు, ఆ తర్వాత ఒక్కసారిగా శవపేటిక. మధ్యలో గడిచిన దశాబ్దాలకు ‘ప్రార్థనా జీవితం గడిపారు’ అని ఒక వాక్యం. మీ అత్తగారు ఇంట్లో ఉన్నది 19 ఏళ్ళు, మఠంలో ఉన్నది అంతకు మూడింతలు. పుస్తకంలో కూడా ఆ పాళ్ళు అలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మీకొచ్చిన టెన్షన్ కొత్తదేమీ కాదు. 1897లో ఫ్రాన్సులోని లిసియే కార్మెల్‌లో 24 ఏళ్ళ సిస్టర్ ఒకామె క్షయతో మంచం పట్టింది. ఈమె పోతే మదర్ (మఠం పెద్ద) ఈమె గురించి ఏం రాస్తారో పాపం, చెప్పుకోదగ్గది ఏమీ చేయలేదు కదా అని తోటి సిస్టర్ ఒకామె అంది. ఆ మాట రోగి చెవిన పడింది కూడా అంటారు. ఆ రోగే చిన్న తెరేజమ్మ. 1925లో ఆమెను పునీతగా ప్రకటించారు, 1927లో వేదప్రచారాలకు పాలక పునీతగా, 1997లో తిరుసభ (కతోలిక సంఘం) పండితురాలిగా కూడా. పక్కనే ఉండి తొమ్మిదేళ్ళు చూసినవాళ్ళకే చెప్పడానికేమీ కనిపించలేదంటే, గోడ ఇవతల ఉన్న మీకు కనిపించకపోవడంలో వింతేముంది?

ఈ సంగతిలో మీకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. కార్మెల్ మఠాల్లో సిస్టర్ ఎవరైనా పోతే, ఆమె జీవితం గురించి మదర్ ఒక ఉత్తరం రాసి మిగతా కార్మెల్ మఠాలకు పంపే పాత ఆచారం ఉంది. కొన్ని ఒకటి రెండు పేజీలు ఉంటాయి, కొన్ని చిన్న పుస్తకమంత ఉంటాయి. తెరేజమ్మ విషయంలో ఆ ఉత్తరానికి బదులు ఆమె స్వయంగా రాసుకున్న నోటు పుస్తకాలనే అచ్చు వేసి, 1898లో 2000 ప్రతులు తీశారు. లోకమంతా ఆమెను ఎరిగింది అలాగే. కాబట్టి ముందు మఠానికి ఫోన్ చేసి, మీ అత్తగారి గురించి అలాంటి ఉత్తరం ఏదైనా రాశారా, రాస్తున్నారా అని అడగండి. రాసి ఉంటే మీ పుస్తకానికి వెన్నెముక దొరికినట్టే. ఇంకా రాయకపోతే మరీ మంచిది, మీ దగ్గరున్న బాల్యం కబుర్లు వాళ్ళకివ్వండి, వాళ్ళ దగ్గరున్నవి మీరు అడగండి. చాలాసార్లు ఇల్లు ఎరిగిన అమ్మాయి మఠానికి తెలియదు, మఠం ఎరిగిన సిస్టర్ ఇంటికి తెలియదు.

ఇక లోపలి జీవితం. ఇది తెలియకపోతే సిస్టర్లను ఏం అడగాలో కూడా తోచదు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

కార్మెల్ సభను సంస్కరించిన ఆవిలాపురి తెరేజమ్మ (చిన్న తెరేజమ్మ కాదు, ఆమెకంటే మూడు వందల ఏళ్ళ ముందటి మనిషి) 1562 ఆగస్టు 24న స్పెయిన్‌లోని ఆవిలాలో తన మొదటి సంస్కరణ మఠం తెరిచింది. అంతకుముందు ఆమె ఉన్న మఠంలో వందమందికి పైగా ఉండేవాళ్ళు, వచ్చేపోయేవాళ్ళతో ఎప్పుడూ సందడిగా ఉండేది. కొత్త మఠంలో 13 మంది చాలంది. తర్వాత ఆ సంఖ్యను 21 వరకు పెంచింది. చిన్న సంఖ్య, ఎక్కువ మౌనం, సొంత చేతులతో పని. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మౌన ధ్యానం. రోజుకు రెండుసార్లు అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకునే వేళ. దిగులు మొహాలు ఆమెకు గిట్టేవి కావు, కాబట్టి ఆ కబుర్ల వేళను కూడా ప్రార్థన వేళలంత ఖాయంగా పెట్టింది. వీటి చుట్టూ దివ్యబలిపూజ, రోజులో కొన్ని గంటలకొకసారి కలిసి చేసే కీర్తనల ప్రార్థన, మిగతా సమయమంతా పని. రాత్రి ప్రార్థన తర్వాత మర్నాటి ఉదయం దాకా ఎవరూ మాట్లాడరు.

ఈ సంఖ్యను ఒకసారి మనసులో పెట్టుకోండి. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు. ఎవరినీ ఎవరూ ఏరికోరి తెచ్చుకోలేదు. చదువుకున్నవాళ్ళు, చదువులేనివాళ్ళు, గలగల మాట్లాడేవాళ్ళు, ముక్తసరి మనుషులు, ఒళ్ళు బాగుండనివాళ్ళు. రోజూ అవే మొహాలు, దశాబ్దాలపాటు. ప్రార్థనలో కూర్చునే వరస సాధారణంగా సీనియారిటీని బట్టి ఉంటుంది కాబట్టి పక్కన కూర్చునే మనిషి కూడా ఏళ్ళ తరబడి మారదు. ఆమె దగ్గు, ఆమె నిట్టూర్పు, కీర్తనలో ఆమె ఎప్పుడూ ఒక అర క్షణం ముందు అందుకోవడం, అన్నీ భరించాలి. మీ అత్తగారి జీవితంలోని అసలు సంఘటనలన్నీ ఈ ఇరవై మంది మధ్యే జరిగాయి. బయట ఏదైనా పెద్ద విషయం దొరుకుతుందేమోనని వెతికితే దొరకదు.

అందుకే సిస్టర్లతో మాట్లాడేటప్పుడు ‘మా అత్త ఎలాంటిది?’ అని అడగకండి. ‘చాలా మంచి సిస్టర్, ప్రార్థనాపరురాలు’ అన్న జవాబు వస్తుంది. అది నిజమే, కానీ ఏ సిస్టర్ గురించైనా అదే చెప్తారు. ఆమె చేతులు ఏం పని చేసేవి? ఏ పని వేస్తే మొహం చిన్నబోయేది? కబుర్ల వేళ ఆమెను నవ్వించేది ఎవరు? కోపం వస్తే ఏం చేసేది? నడవాలో అడుగుల చప్పుడు విని ఆమెనే అని గుర్తుపట్టేవారా? చివరి రోజుల్లో ఎవరు చూసుకున్నారు, వాళ్ళతో ఏం మాట్లాడేది? ఇలా అడగండి.

ఒక మఠంలో ఓ పెద్ద సిస్టర్ గురించి ఇలాగే అడుగుతున్నప్పుడు అందరూ మంచిది, నెమ్మదైనది అంటున్నారు. నేను రాసుకోవడానికి ఏమీ దొరకడం లేదు. చివర్లో వంటింటి సిస్టర్ ఒక మాట చెప్పింది. ఆ పెద్దావిడ తలుపు వేసేటప్పుడు ఎప్పుడూ రెండు చేతులూ వాడేదట. ఒక చేత్తో పిడి తిప్పి పట్టుకుని, రెండో అరచేయి తలుపు అంచున ఆనించి, చప్పుడు లేకుండా చేర్చి, అప్పుడు మెల్లగా పిడి వదిలేదట. పక్క గదిలో నిద్రపట్టని జబ్బు మనిషి ఉన్నప్పుడు మొదలైన అలవాటు. ఆ జబ్బు సిస్టర్ పోయాక కూడా, కీళ్ళనొప్పులతో తన వేళ్ళు వంకరపోయాక కూడా మానలేదు. ఈ మాట వినగానే మిగతా సిస్టర్లందరూ ఒక్కసారిగా ‘అవును అవును’ అంటూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ పుస్తకంలో మొదటి అధ్యాయం ఆ తలుపుతోనే మొదలైంది. మీకు కావాల్సింది ఇలాంటిదే, ఒక్కటి దొరికితే దాని వెనకే పది వస్తాయి.

పనుల విషయం ప్రత్యేకంగా అడగండి. మఠంలో బాధ్యతలు మారుతూ ఉంటాయి. పూజా సామగ్రి చూసే సిస్టర్, జబ్బు చేసినవాళ్ళను చూసే సిస్టర్, కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చే సిస్టర్, వంట, తోట, బట్టలు, గంట కొట్టడం, గోడలో తిరిగే అర దగ్గర ఉండి బయటినుంచి వచ్చినవి అందుకోవడం. కార్మెల్‌లో మదర్‌ను మూడేళ్ళకోసారి రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. మీ అత్తగారు ఎప్పుడైనా మదర్‌గా చేశారా? కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు నడివయసులో ఉంటారు, వాళ్ళకు ఎక్కువ గుర్తుంటుంది. బతుకుతెరువుకు ఆ మఠం ఏం చేసేదో కూడా కనుక్కోండి. పూజకు వాడే అప్పాలు చేయడం, గురువుల (ఫాదర్ల) పూజా వస్త్రాలు కుట్టడం, కొవ్వొత్తులు పోయడం చాలా మఠాల్లో ఉంది. ఆమె చేతి కుట్టు ఉన్న వస్త్రం ఏదైనా మిగిలి ఉంటే ఫొటో తీసుకోవడానికి అనుమతి అడగండి.

మఠం రిజిస్టర్లలో చేరిన తేదీ, మఠ దుస్తులు అందుకున్న తేదీ, మొదటి మాటపట్టు (సన్యాస వ్రతం), జీవితాంతానికి తీసుకునే నిత్య మాటపట్టు, నిర్వహించిన బాధ్యతలు ఉంటాయి. ఇవి మామూలుగా ఇస్తారు. ఆధ్యాత్మిక గురువుతో ఆమె మాట్లాడుకున్నవి, మఠం అంతరంగిక సమావేశాల్లో జరిగినవి, వేరే సిస్టర్ల సంగతులు అడగకండి. అడిగితే వాళ్ళు ఇబ్బంది పడి, చెప్పాలనుకున్నవి కూడా చెప్పరు.

మీ అత్తగారు చేరిన కాలం చూస్తే మరో ముఖ్యమైన సంగతి తోస్తోంది. ఆమె రెండో వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పులంతా కలిసిన సభ, 1962–65) జరగకముందో, జరుగుతుండగానో లోపలికి వెళ్ళి ఉంటారు. అంటే ఆమె రెండు రకాల మఠ జీవితాలు చూశారు. ముందు ప్రార్థనలన్నీ లాటిన్‌లో. చూడటానికి వచ్చినవాళ్ళకు రెండు వరసల కటకటాలు, వాటి వెనక తెర, మొహం మీద ముసుగు. లోపల కూడా రెండు తరగతులు ఉండేవి. లాటిన్ ప్రార్థనలు పాడే సిస్టర్లు ఒక తరగతి, ఎక్కువగా వంట, బట్టలు, శ్రమ పనులు చూస్తూ లాటిన్‌కు బదులు పరలోక జపాలు (‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్న ప్రార్థన) చెప్పుకునే సిస్టర్లు ఇంకో తరగతి. 1965 అక్టోబర్ 28న మహాసభ మఠ జీవితాల గురించి ఇచ్చిన పత్రం ఈ తరగతుల తేడా తీసేయమంది, అడ్డుతెరలు, ఆచారాలు కాలానికి తగ్గట్టు సవరించుకోమంది. మీ అత్తగారు ఏ తరగతిలో చేరారో కనుక్కోండి. శ్రమ పనుల తరగతిలో చేరి, తర్వాత అందరితో సమానంగా ప్రార్థనలో నిలబడే రోజు ఆమెకు వచ్చి ఉంటే, ఆమె జీవితంలో అంత పెద్ద సంఘటన మరొకటి ఉండదు. మహా అయితే తేదీ ఏదో రిజిస్టర్‌లో ఒక గీతలా ఉంటుంది. ఆ రోజు ఎలా ఉందో చెప్పగలిగే సిస్టర్లు మాత్రం చాలా పెద్దవాళ్ళై ఉంటారు.

ఇప్పుడు ఉత్తరాలు. ‘అందరూ క్షేమమని తలుస్తాను, నేను క్షేమం, మీకోసం ప్రార్థిస్తున్నాను’ అని అన్నీ ఒకేలా ఉన్నాయన్నారు. వాటిని పక్కన పడేయకండి. పాత నియమాల్లో సిస్టర్లకు వచ్చే ఉత్తరాలు, వాళ్ళు రాసే ఉత్తరాలు మదర్ చదివేవారు. ఆగమన కాలంలో (క్రిస్మస్‌కు ముందు వారాలు), తపస్కాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) చాలా మఠాల్లో ఉత్తరాలు, చూడటానికి రావడం ఉండేవి కావు. అంటే తన ఉత్తరం మూడో మనిషి చదువుతుందని తెలిసి, ఏడాదిలో దొరికిన కొద్ది అవకాశాల్లో రాసినవి ఇవి. అలాంటి ఉత్తరంలో మనసు సూటిగా కనిపించదు, పక్కదారుల్లో బయటపడుతుంది. వాటన్నిటినీ తేదీల వారీగా పేర్చి ఒక్క బిగిని చదవండి. ఎవరి పేరు ముందు అడుగుతుంది? ఎవరి పేరు ఏ ఏడాది నుంచి అడగడం మానేసింది? ఏ పిల్లాడి పరీక్షలు, ఏ కోడలి కాన్పు మర్చిపోకుండా మళ్ళీ అడిగింది? చేతిరాత ఎక్కడ వణికింది? ఏ ఉత్తరం మామూలు కంటే చిన్నది? మూస ఎక్కడ తప్పిందో అక్కడ ఆగండి.

శాస్త్రవేత్త గెలీలియో కూతురు సంగతి మీకు ధైర్యమిస్తుంది. ఆమె 1613లో, 13 ఏళ్ళకు, ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గర ఆర్చెట్రిలోని క్లారమ్మ సభ మఠంలో చేరింది. మఠంలో పేరు మరియ చెలెస్తె. తండ్రికి ఆమె రాసిన 124 ఉత్తరాలు మిగిలాయి. వాటిలో ఏముంది? తండ్రి కాలర్లు ఉతికి కుట్టి పంపడం, నారదబ్బ కాయతో తీపి చేసి పంపడం, మఠానికి డబ్బు కటకట, తోటి సిస్టర్ల జబ్బులు, మఠం గడియారం బాగుచేయమని అడగడం. 1633లో తిరుసభ విచారణ జరిపి తండ్రికి శిక్ష వేసింది. ప్రాయశ్చిత్తంగా వారానికోసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు చెప్పాలన్నది అందులో ఒక భాగం. ఆ కీర్తనలు తానే చెప్తానని కూతురు ఆ భారం తన మీద వేసుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 2న, 33 ఏళ్ళకే పోయింది. కాలర్లు, తీపి వంటకాల మధ్య ఆ ఒక్క విషయం చదివినప్పుడు ఆ మనిషి మొత్తం కళ్ళముందు నిలబడుతుంది, అంతకుముందున్న కాలర్లకూ విలువ వస్తుంది. మీ అత్తగారి ఉత్తరాల్లోని ‘పాప దగ్గు తగ్గిందా’ లాంటి వాక్యాలను కత్తిరించవద్దని చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. ఆ కూతురికి గెలీలియో రాసిన ఉత్తరాల్లో ఒక్కటీ మిగల్లేదు. సంభాషణలో సగమే మనకు దక్కింది. మీ ఇంటినుంచి వెళ్ళిన ఉత్తరాలు మఠంలో ఉన్నాయేమో తప్పకుండా అడగండి. పేదరికం మాటపట్టు ఉన్న చోట సొంత వస్తువులు దాచుకోరు కాబట్టి లేకపోవడానికే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఆ ఉత్తరాలు రాసినవాళ్ళలో ఎవరు బతికుంటే వాళ్ళను కూర్చోబెట్టి, ‘ఈ ఉత్తరం నువ్వు రాసిన దేనికి జవాబు?’ అని ఒక్కొక్కటీ అడిగి పక్కన రాసుకోండి.

నాయనమ్మగారి మరణం గురించి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. రాయాలా అంటే, రాయాలి. అది తీసేసి రాస్తే మీ నాన్నగారు, బాబాయిలు ఆ పుస్తకాన్ని నమ్మరు. కానీ రాసేముందు ఆ ఏడాది నియమం ఏమిటో తెలుసుకోవాలి. నాయనమ్మగారు ఏ సంవత్సరంలో పోయారో మీరు రాయలేదు, జవాబు చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంది.

మఠకన్యలు బయటికి రాకూడదన్న నియమాన్ని 1298లో పోపు ఎనిమిదో బోనిఫాసు లోకమంతటికీ వర్తించేలా పెట్టాడు. 1563లో ట్రెంట్ మహాసభ దాన్ని మళ్ళీ బిగించింది. 1917 నాటి తిరుసభ చట్టంలో 601వ నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. మాటపట్టు తీసుకున్న మఠకన్య రోమ్ నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా, ఎంత కొద్దిసేపటికైనా, ఏ కారణం చేతనైనా మఠం దాటి వెళ్ళకూడదు. ప్రాణాపాయం గానీ అలాంటి మరో పెద్ద ముప్పు గానీ ఉంటే తప్ప. అనుమతి లేకుండా వెళ్తే వెలి పడుతుంది. 1969లో రోమ్ కొత్త నియమాలు ఇచ్చాక ఆరోగ్యం, పౌర బాధ్యతల వంటి కారణాలకు స్థానికంగానే అనుమతి ఇచ్చే వీలు కలిగింది. 1917 చట్టం స్థానంలో కొత్త చట్టం 1983లో వచ్చింది. నాయనమ్మగారు 1969కి ముందు పోయి ఉంటే, ‘అత్త రాలేదు’ అన్న వాక్యమే సరికాదు. రావాలా వద్దా అన్న నిర్ణయం ఆమె చేతిలో లేనే లేదు. తర్వాతి కాలమైతే, అప్పుడు ఆ మఠం పద్ధతి ఏమిటో మదర్‌ను అడగండి. ‘ఎందుకు రాలేదు’ అని అడిగితే నిలదీసినట్టు ఉంటుంది. ‘ఆ రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే లోపల ఏం చేసేవారు?’ అని అడగండి. కబురు ఎలా చెప్పేవారు, ఎవరు చెప్పేవారు, ఆ రోజు ఆమె పని ఇంకొకరు అందుకునేవారా, ఆత్మశాంతికి ప్రార్థనలు ఎన్నాళ్ళు జరిగేవి, రాత్రి ఎవరైనా తోడు కూర్చునేవారా.

ఈ ప్రశ్నలకు జవాబు దొరికాక రెండువైపులా రాయండి. ఇంట్లో ఆ రోజు ఎలా గడిచింది, ఆమె కోసం ఎవరు ఎదురుచూశారు, లోపల ఆ రోజు ఎలా గడిచింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తీర్పు చెప్పకుండా వదిలేయండి. ఆమె గొప్ప త్యాగం చేసిందని పొగడవద్దు, నియమం కఠినమైనదని తిట్టవద్దు. మీ నాన్నగారి బాధకు కూడా ఆ పేజీలో చోటు ఉండాలి. తల్లిని కోల్పోయిన రోజున అక్క భుజం దొరకలేదన్న బాధ నిజమైనది, చట్టం నంబరు చెప్పి దాన్ని కొట్టిపారేయలేం. ఆయన మాటల్లోనే రాసుకోండి, దిద్దకండి. ఆ తర్వాత వచ్చిన మొదటి ఉత్తరం వెతికి, అది ఉంటే మొత్తం అచ్చు వేయండి.

దిద్దడం అన్నాను కాబట్టి చిన్న తెరేజమ్మ విషయంలో ఏం జరిగిందో చెప్పాలి. ఆమె నోటు పుస్తకాలను అచ్చుకు ముందు ఆమె సొంత అక్క, అప్పటికి అదే మఠంలో ఉన్న మదర్ ఆగ్నెస్, చాలా చోట్ల సవరించింది. ప్రేమతోనే, చెల్లెలు బాగా కనిపించాలనే. ఇంకో అక్క సెలీన్ 1894లో మఠంలో చేరేటప్పుడు కెమెరా తెచ్చుకుంది. మనకు తెరేజమ్మ ఫొటోలు అన్ని ఉన్నాయంటే ఆమె పుణ్యమే. కానీ బయటికి ఇచ్చిన బొమ్మల్లో మొహాన్ని మెత్తగా, తీయగా మార్చి చూపించారు. తెరేజమ్మ రాసింది రాసినట్టుగా 1956లో గానీ బయటికి రాలేదు. వచ్చాక జనానికి ఆమె మీద ప్రేమ తగ్గలేదు, ఇంకా దగ్గరైంది. గట్టి దవడ, అలిసిన కళ్ళు ఉన్న ఆ అసలు ఫొటోలే నాకు ఎక్కువ ఇష్టం. మీ అత్తగారి ఫొటోలకు యాప్‌లతో నునుపు పెట్టించకండి. ఆమె తెలుగులో తప్పులుంటే తప్పులతోనే వేయండి.

అలాగే కష్టాలు దాచకండి. తెరేజమ్మకు 1896 పాస్కా (ఈస్టర్) పండుగ రోజుల నుంచి చనిపోయేదాకా, పరలోకం అసలు ఉందా అన్న చీకటి పట్టుకుంది. ఆమె ఆ సంగతి రాసింది, మదర్‌కు చెప్పింది, ప్రార్థన మాత్రం మానలేదు. మీ అత్తగారికి అలాంటి ఎండిపోయిన కాలం ఏదైనా ఉండి, సిస్టర్లు తమంతట తాము చెప్తే, గౌరవంగా రాయండి. చెప్పకపోతే మీరు ఊహించి కల్పించకండి.

దీనికి ఎదురు ప్రమాదం, ఆమెను పునీతను చేసేయడం. ‘ఆమె ప్రార్థన వల్లే ఫలానా రోగం తగ్గింది’ లాంటివి బంధువులు తప్పకుండా చెప్తారు. చెప్పినవాళ్ళ అనుభవంగా, వాళ్ళ మాటగా రాయవచ్చు. ‘అద్భుతం’ అని మీరు తీర్మానించకండి, పునీత అన్న బిరుదు తగిలించకండి. తిరుసభ తీర్పుకు ముందే ఎవరినీ అలా బహిరంగంగా గౌరవించకూడదని పోపు ఎనిమిదో ఉర్బాను 1625లో, 1634లో ఆజ్ఞలు ఇచ్చాడు. మఠంవాళ్ళు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. అలాంటి మాట కనిపిస్తే మీ పుస్తకాన్ని లోపల పంచుకోవడానికి కూడా సందేహిస్తారు.

పేర్లు రెండూ వాడండి. బాల్యం భాగంలో ఇంటి పేరు, ఆ తర్వాత మఠం పేరు. ఇంట్లో పిల్లలకు ఆ రెండో పేరు తెలియకపోతే సమాధి మీద ఆమెను గుర్తుపట్టలేరు.

చివరిగా ఆలస్యం సంగతి. ఫ్రెంచి విప్లవకాలంలో కొంపియేన్ కార్మెల్ సిస్టర్లు 16 మందిని 1794 జూలై 17న పారిస్‌లో గిలొటీన్‌తో చంపారు. 2024 డిసెంబర్‌లో పోపు ఫ్రాన్సిస్ వాళ్ళను పునీతలుగా ప్రకటించారు. అరెస్టు సమయంలో ఊళ్ళో లేకపోవడం వల్ల బతికిపోయిన సిస్టర్ ఒకామె ఉంది. వాళ్ళ అలవాట్లు, మాటలు, స్వభావాలు మనకు తెలిసింది ముఖ్యంగా ఆమె కూర్చుని రాయడం వల్లే. ఆమె రాయకపోతే కోర్టు కాగితాల్లో పేర్లు మాత్రం మిగిలేవి. మీ అత్తగారితో పాటు చేరినవాళ్ళు, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా చేరినవాళ్ళు ఇప్పుడు 80 దాటి ఉంటారు. వర్ధంతి దాకా ఆగకుండా ఈ నెలలోనే మదర్‌కు ఉత్తరం రాసి, కలిసే రోజు అడగండి. ఆగమన కాలం, తపస్కాలం తప్పించి అడగండి. పార్లర్‌లో (బయటివాళ్ళను కలిసే గది) పెద్ద సిస్టర్ల ముందు ఫోన్ రికార్డింగ్ పెట్టేముందు అనుమతి తీసుకోండి. చాలామంది ఒప్పుకుంటారు, కొందరు బిగుసుకుపోతారు. అలాంటివాళ్ళ దగ్గర నోటు పుస్తకమే మేలు. ఒకే రోజు అందరినీ ముగించేయాలని చూడకండి. మొదటిసారి కలిసినప్పుడు మర్యాదగా మాట్లాడతారు, రెండోసారి మీరు వచ్చేలోపు వాళ్ళలో వాళ్ళు కబుర్ల వేళ మీ అత్తగారి గురించి మాట్లాడుకుని ఉంటారు, అసలు విషయాలు అప్పుడు వస్తాయి.

రాయడం పూర్తయ్యాక, అచ్చుకు ఇచ్చేముందు ఒక ప్రతి మదర్‌కు పంపి, తప్పులుంటే దిద్దమని అడగండి. ఈలోపు ఇంట్లో ఉత్తరాలు స్కాన్ చేయడం మొదలుపెట్టండి. కవర్లు మాత్రం పారేయకండి. చాలామంది సిస్టర్లు తేదీకి బదులు ఆ రోజు పండుగ పేరు రాస్తారు, సంవత్సరం రాయరు. కవరు మీద పోస్టు ముద్ర ఉంటే ఆ ఉత్తరం ఏ ఏడాదిదో తేలిపోతుంది. నాయనమ్మగారు పోయాక వచ్చిన ఉత్తరం ఏదో కూడా మీరు దాన్ని బట్టే కనిపెట్టగలరు.